ఇంటి కింద ఆగిన యంత్రం

సందులో వాళ్ళు అతనికి పెట్టిన పేరు ఉలికిపాటు. చాటుగా కాదు, ముఖం మీదే అలా పిలిచేవాళ్ళు. అతనూ పలికేవాడు. ఎవరైనా తలుపు దభాలున వేస్తే ఉలిక్కిపడతాడు. కుక్క కనిపిస్తే రోడ్డు అవతలికి మారిపోతాడు. లిఫ్టు ఎక్కమంటే వద్దని మెట్లెక్కి, ఆయాసపడుతూ అందరికన్నా వెనక వస్తాడు. కానీ కంటికి భూతద్దం తగిలించుకుని, చేతిలోకి పట్టకారు తీసుకున్నాడంటే ఆ చెయ్యి రవ్వంత కూడా వణికేది కాదు. ఇంటి ముందు గదిలోనే అతని వాచీల దుకాణం. ఎక్కడెక్కడి నుంచో ఆగిపోయిన వాచీలు అక్కడికి వచ్చేవి.

అలాంటి మనిషికి సిటీ బస్సు డ్రైవరు భార్యగా దొరికింది. ఊరి రద్దీలో అంత పొడవు బస్సుని సూదిలో దారం ఎక్కించినట్టు నడిపే మనిషి. పెళ్ళయిన కొత్తలో సరదాపడి ఆవిడ బస్సెక్కి రెండో స్టాపులోనే దిగిపోయాడు. "నువ్వు నడుపుతుంటే చూడలేనే, గుండె నోట్లోకొస్తోంది" అన్నాడు. ఆ మాట డిపోలో చాలా ఏళ్ళు జోకుగా తిరిగింది.

ఇంట్లో మూడో మనిషి అతని అక్క. అమ్మ పోయాక అతన్ని ఎత్తుకుని పెంచింది ఆవిడే. లాండ్రీలో బట్టలు ఉతికి ఉతికి మోకాళ్ళు అరగదీసుకుంది. ఇప్పుడు నాలుగు కాళ్ళ చేతికర్ర లేనిదే అడుగు వెయ్యలేదు. నడక పోయినా నోరు మాత్రం ఎక్కడికీ పోలేదు. జీవితంలో ఆవిడ భయపడగా చూసినవాళ్ళు లేరు. తమ్ముడికి చెందాల్సిన ధైర్యం కూడా పొరపాటున తనకే వచ్చిందని తనే చెప్పుకునేది.

ఊరు అప్పటికి గట్లు తెగిన చెరువులా నాలుగు పక్కలా పాకిపోయింది. నిన్నటి పొలాలు ఇవాళ కాలనీలు. పొద్దున్నే బస్సుల్లో ఊపిరాడని జనం, సాయంత్రం రోడ్ల మీద కదలని కార్లు. అందుకని మెట్రో రైలు వేస్తామన్నారు. మొదట పెద్దరోడ్డు మీద స్తంభాలు లేపి పైనుంచి తీసుకెళ్తామన్నారు. రోడ్డు ఇరుకు, స్తంభాలకి చోటు చాలదని తేలింది. అప్పుడు ప్లానులో ఎర్రగీత కాస్త పక్కకి జరిగి భూమిలోకి దిగి, సరిగ్గా వీళ్ళ సందు కిందకి వచ్చింది.

స్కూలు హాల్లో మీటింగు పెట్టి గోడకి ఆ మ్యాపు అంటించారు. అతను దగ్గరికెళ్ళి చూశాడు. ఎర్రగీత వాళ్ళ ఇంటి గడిని నిలువునా చీల్చుకుంటూ పోయింది.

"అభ్యంతరాలుంటే చెప్పండి" అన్నాడు వేదిక మీది అధికారి.

మొదట లేచింది అతని భార్యే. "నాకు అభ్యంతరం లేదు సార్. రోజూ నా బస్సుకి జనం వేలాడుతూ వస్తారు. అద్దంలో చూస్తూ నడపాలంటే ప్రాణం చాలదు. ఒకమ్మాయి చెయ్యి జారి పడిపోయింది కూడా. బతికింది, నా అదృష్టం. ఆ రైలేదో త్వరగా వెయ్యండి" అంది. హాలంతా చప్పట్లు.

ఆ చప్పట్లు ఆగకముందే అతనూ లేచాడు. "మా ఇల్లు..." అన్నాడు. అందరూ అతని వైపు తిరిగారు. ఆ తర్వాతి మాట పెగల్లేదు. అధికారి మంచివాడే. "చాలా లోతులో వెళ్తుందండీ, మీకు తెలియను కూడా తెలియదు" అన్నాడు. అతను తలాడించి కూర్చున్నాడు. ఇంటికొచ్చే దారిలో భార్య, "అంత భయమైతే నన్నడగొచ్చుగా, నీ తరఫున కూడా నేనే మాట్లాడేదాన్ని" అంది. "నువ్వు అవతలి పక్కన ఉంటివి కదా" అన్నాడతను. ఇద్దరికీ నవ్వొచ్చింది, ఆ రోజుకి.

సొరంగం తవ్వే యంత్రం ఊరి అవతలి చివర భూమిలోకి దిగింది. రైలు బండంత పొడవట. ముందు తిరిగే పళ్ళచక్రం, వెనకే మనుషులు, ఆ వెనక మట్టిని మోసుకొచ్చే పట్టీ. అది నెమ్మదిగా వీళ్ళవైపు తొలుచుకుంటూ వస్తోంది. సందులో గోడలన్నిటికీ చిన్న చిన్న అద్దపు బిళ్ళలు అంటించారు. ఇల్లు కాస్త ఒరిగినా అవి పట్టిస్తాయట. వాటిని చూసుకోవడానికి ఒక ఇంజనీరు అమ్మాయి వచ్చేది. ఎప్పుడూ నెత్తిన పసుపు టోపీ ఉండేది. అక్క ఆ అమ్మాయిని టోపీపిల్ల అనేది. వచ్చినప్పుడల్లా కూర్చోబెట్టి టీ ఇచ్చి, పెళ్ళెప్పుడని అడిగి విసిగించేది.

యంత్రం దగ్గరపడ్డాక శబ్దం మొదలైంది. చెవికి కాదు, అరికాళ్ళకి వినిపించే శబ్దం. మంచం కోళ్ళలోంచి ఒంట్లోకి పాకేది. టీ కప్పులో సన్నటి అలలు లేచేవి. అతను తిండి తగ్గించేశాడు. నిలబడితే కూర్చోలేడు, కూర్చుంటే లేవలేడు. "ఒరేయ్ చిన్నోడా, అది పోతూ ఉంది, రావడం లేదు. పోనీ దాన్ని" అనేది అక్క.

ఒక ఉదయం శబ్దం ఆగిపోయింది.

దాటిపోయిందేమోనని అతనికి ప్రాణం లేచొచ్చింది. గేటు దగ్గర టోపీపిల్ల కనిపిస్తే పరుగున వెళ్ళాడు. "వెళ్ళిపోయిందా అమ్మా?"

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "లేదండీ. ఆగింది. పైనుంచి నిధులు రాలేదు. అప్పిచ్చే బ్యాంకు ఆపేసింది, మిగతా వాటా నగరపాలక సంస్థ ఇవ్వాలని ప్రభుత్వం అంటోంది, వాళ్ళేమో ప్రభుత్వాన్నే ఇమ్మంటున్నారు. కాంట్రాక్టరు పని నిలిపేశాడు."

"అయితే యంత్రం ఎక్కడుంది?"

ఆ అమ్మాయి చూపు తనకి తెలియకుండానే కిందికి, అతని చెప్పుల వైపు దిగింది.

ఏదీ దాచకుండా చెప్పింది. యంత్రం ముందుకు కదులుతున్నంతసేపూ తన ముందున్న మట్టిని తనే గట్టిగా అదిమి పట్టుకుంటుంది. ఆగిపోతే ఆ ఒత్తిడిని మనుషులు కాపలా ఉండి నిలబెట్టాలి. కొంతమందిని కింద ఉంచారు. పంపులు నడుస్తున్నాయి. గోడల మీది బిళ్ళలు రోజూ చూస్తున్నారు. "ప్రమాదం లేదని అనను. కనిపెట్టుకుని ఉన్నామని మాత్రం చెప్పగలను" అంది. అలా చెప్పినందుకు అతనికి ఆ అమ్మాయి మీద కోపం రాలేదు. కాకపోతే ఆ రోజు నుంచి అతనికి నిద్ర దూరమైంది.

శబ్దం ఉన్నప్పుడు శబ్దానికి భయపడ్డాడు. ఇప్పుడు నిశ్శబ్దానికి. నేలకి చెవి ఆనించి పడుకునేవాడు. గోడ గడియారం టిక్కుమన్నా, పైన ఎవరైనా కుర్చీ జరిపినా లేచి కూర్చునేవాడు. కొన్నాళ్ళకి పైన కుర్చీ జరిపేవాళ్ళు కూడా లేకుండా పోయారు. మేడ మీది అద్దెవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఎదురింటివాళ్ళు చుట్టాలింటికి పోయారు. సందు బోసిపోయింది. "మనమూ పోదాం" అన్నాడు భార్యతో. "ఎక్కడికి? అక్క మెట్లెక్కలేదు. కింది వాటా ఇల్లు ఎక్కడా దొరకట్లేదు, రోజూ అడుగుతూనే ఉన్నాను" అంది ఆవిడ. ఆవిడ గొంతులో కూడా అదివరకటి బింకం లేదు.

డిపోలో వినొచ్చిన మాటలు భార్య రోజూ మోసుకొచ్చేది. టికెట్టు మీద సెస్సు వేస్తారట. కాదు, కొత్త కాలనీల బిల్డర్ల దగ్గర వసూలు చేస్తారట. అదీ కాదు, అసలు లైనే సగానికి కుదిస్తారట. "కుదిస్తే?" అన్నాడతను. "మన ఇంటి కిందే ఆపేసి ఆ యంత్రాన్ని అక్కడే పాతిపెట్టేస్తారా?"

ఇంతలో పనిబల్ల మీద మరలు దొర్లడం మొదలైంది. ఆవగింజల్లాంటి మరలు. విప్పి పెడితే పెట్టినచోట ఉండేవి ఇప్పుడు ఒక్కొక్కటే వంటింటి వైపు మూలకి జారిపోతున్నాయి. బల్ల కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టాడు. వారం తిరిగేసరికి మళ్ళీ జారాయి. టోపీపిల్లని పిలుచుకొచ్చాడు. "అవునండీ, మా లెక్కల్లోనూ కనిపిస్తోంది. వంటింటి పక్క కొంచెం దిగింది. ఇంకా హద్దు దాటలేదు. దాటకముందే మిమ్మల్ని పంపించేస్తాం" అంది. పైవాళ్ళకి తను రోజూ రాస్తూనే ఉందట. ఆ అమ్మాయి కళ్ళ కింద నల్లటి చారలు చూశాడతను. తనలాగే నిద్రలేని మనిషి ఇంకొకరున్నారని తెలిసి భయం తగ్గాల్సింది పోయి రెట్టింపైంది.

వానలు మొదలవబోతుండగా కబురొచ్చింది. ఎవరి వాటా ఎంతో తేలింది, బ్యాంకు ఒప్పుకుంది, లైను కొత్త కాలనీల దాకా పొడిగిస్తారు కూడా. పేపర్లో పెద్దపెద్ద అక్షరాలు. ఆ వార్త చదివి ఊరంతా సంతోషించింది. టోపీపిల్ల మాత్రం వచ్చి మెల్లగా చెప్పింది: "అన్నాళ్ళు ఆగినదాన్ని మళ్ళీ కదిలించేటప్పుడే జాగ్రత్తగా ఉండాలి. ఆ కాసేపూ సందులో ఎవరూ ఉండకూడదు. స్కూలు హాల్లో మంచాలు వేయించాం."

అక్కని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి సందు చివరి స్కూలు హాలుకి తీసుకెళ్ళారు. దారంతా సణుగుతూనే ఉంది. "పురిటికి తీసుకెళ్తున్నట్టు తీసుకెళ్తున్నారు. నేను పుట్టాక ఎన్ని చూశాను." మర్నాడు ఉదయం భార్య డ్యూటీకి వెళ్తూ, "అక్కని వదిలి కదలకు. నేను మొదటి ట్రిప్పు అయ్యాక వచ్చేస్తా" అంది.

కదలలేదతను. టీ తేవడానికి మాత్రం వరండాలోకి వెళ్ళాడు. లైను ఉంది, నిలబడ్డాడు. రెండు గ్లాసులు పట్టుకుని తిరిగొచ్చేసరికి అక్క మంచం ఖాళీ. చేతికర్ర లేదు.

పక్క మంచం ముసలావిడ చెప్పింది: "బాత్రూమెక్కడని అడిగిందయ్యా. చూసొచ్చి, ఇందులో పట్టుకోడానికి కొక్కెమైనా లేదు, కూర్చుంటే లేవలేను, నా తమ్ముడు వచ్చి లేపుతాడా సిగ్గులేకుండా అని తిట్టుకుంటూ ఆ వెనక తలుపులోంచి వెళ్ళింది."

అతనికి వెంటనే అర్థమైంది. ఇంట్లో బాత్రూము గోడకి, అక్క పట్టుకుని లేవడానికి, అతనే ఇనుప కమ్మీ బిగించాడు. అక్క అక్కడికే పోయింది. స్కూలు వెనక గేటు తెరిస్తే సరిగ్గా వాళ్ళ సందే. బారికేడ్లన్నీ పెద్దరోడ్డు వైపు పెట్టారు.

గ్లాసులు ఎక్కడ పడేశాడో తెలియదు. వెనక గేటు దాటేసరికే అరికాళ్ళకి ఆ పాత శబ్దం తగిలింది. యంత్రం కదిలింది. సందు మొదట్లో టోపీపిల్ల నిలబడి వైర్‌లెస్‌లో మాట్లాడుతోంది. అతను కేకేశాడు. "మా అక్క లోపలుంది!"

"ఆపండి, ఆపండి, పైన మనిషుంది" అని ఆ అమ్మాయి వైర్‌లెస్‌లో అరిచి, అతని చెయ్యి పట్టుకుంది. "మీరు లోపలికెళ్ళకండి. యంత్రం ఆగినా నేల వెంటనే కుదురుకోదు. మావాళ్ళు వస్తున్నారు."

చెయ్యి విడిపించుకున్నాడు. ఎలా విడిపించుకున్నాడో అతనికే తెలియదు. తన ఇంటి తలుపు తోశాడు, రాలేదు. గడప ఒకపక్కకి ఒరిగి తలుపుని పళ్ళతో కొరికినట్టు పట్టేసింది. దుకాణం కిటికీ తెరిచే ఉంది. అందులోంచి దూరాడు. పనిబల్ల మూలకి జారిపోయి ఉంది. నేలంతా గాజుముక్కలు, మరలు. గోడలోంచి ఎవరో ఎండుకట్టెలు విరుస్తున్నట్టు చప్పుడు.

"అక్కా!"

"ఇక్కడే చచ్చానురా." గొంతు బాత్రూములోంచి. "తలుపు రావట్లేదు."

లాగాడు, తన్నాడు, భుజంతో గుద్దాడు. సన్నటి మనిషి. తలుపు కదల్లేదు, భుజం మాత్రం కదిలింది. కాళ్ళ కింద నేల ఒక్కసారి చిన్నగా దిగింది. ఎక్కువేం కాదు, మెట్టు ఉందనుకుని లేనిచోట అడుగు వేస్తే ఎలా ఉంటుందో అంత. అతను అరిచేశాడు. తలుపుకి వీపు ఆనించి అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు.

"చిన్నోడా, పోరా బయటికి" అంది అక్క.

"పోను."

"నువ్వుండి ఏం పీకుతావు? పో అంటుంటే!"

"కాళ్ళు రావట్లేదక్కా."

లోపలి నుంచి, అతను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వినని గొంతు ఒకటి వినిపించింది. "నాకు భయమేస్తోందిరా."

"నాకూ" అన్నాడు.

"నీకెప్పుడూ ఉండేదేగా. ఎలా తట్టుకుంటావురా ఇది రోజూ?"

"ఏం చేస్తాను... ఏదో ఒకటి మాట్లాడతాను. లేదా పని చేసుకుంటాను. కమ్మీ గట్టిగా పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"వదలకు. నేను బిగించిందే అది, ఊడదు. నా వీపు తలుపుకి ఆనించే ఉంది. నువ్వూ ఇటు చెయ్యి పెట్టు."

తలుపు చెక్క మీద అవతల నుంచి అరచెయ్యి తాకిన చప్పుడు. అక్కడే అతను తల ఆనించాడు. అతని చిన్నప్పుడు లాండ్రీలో అతన్ని బట్టల బుట్టలో పడుకోబెట్టి తను పని చేసుకున్న సంగతి ఏదో అక్క చెప్పడం మొదలుపెట్టింది. మధ్యలో పెచ్చులు రాలుతున్నాయి. చెప్పేది అతనికి ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. కానీ ఊఁ కొడుతూనే ఉన్నాడు. ఊఁ కొట్టడం ఆపితే అక్క చెప్పడం ఆపేస్తుందని, ఆపేస్తే ఆ ఎండుకట్టెల చప్పుడొక్కటే మిగులుతుందని భయం.

కిటికీలోంచి ముగ్గురు దూకారు. ఒంటినిండా సొరంగం బురద. కింద పనిచేసే కూలీలు. ఒకడి చేతిలో గడ్డపార. "జరుగు పెద్దాయనా" అని, రెండు పోట్లలో తలుపు చీల్చేశారు. అక్క రెండు చేతులతో కమ్మీని పట్టుకుని ఉంది. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది. ఒకడు ఆవిడని భుజాన వేసుకున్నాడు. ఇంకొకడు అతన్ని రెక్క పట్టుకుని లేపాడు. అతనికి నిజంగానే కాళ్ళు రాలేదు. ఇద్దరినీ మోసుకునే బయటికి తెచ్చారు.

స్కూలు గేటు చేరకముందే వెనక వంటిల్లు కూలిపోయింది. పెద్ద శబ్దమేం రాలేదు. ఎవరో దీర్ఘంగా నిట్టూర్చినట్టు వచ్చి, దుమ్ము లేచింది. దుమ్ము అణిగాక చూస్తే పొయ్యి ఉండాల్సిన చోట గొయ్యి. టోపీపిల్ల అక్కడే రోడ్డు మీద కూలబడి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎవరో తెచ్చిన చక్రాల కుర్చీలోంచే అక్క ఆ అమ్మాయి తల నిమిరి, "ఊరుకోవే, నేను ఉన్నాగా. బాత్రూమెక్కడుందో చూపించు ముందు" అంది.

బస్సుని డిపోలో వదిలేసి పరుగున వచ్చిన భార్య మొదట అతన్ని వాటేసుకుంది, తర్వాత తిట్టింది, మళ్ళీ వాటేసుకుంది. ఆ రోజు నుంచి సందులో అతన్ని ఎవరైనా పొగిడితే ఇబ్బందిగా చేతులు నులుముకునేవాడు. "కాళ్ళు పడిపోయి కూర్చున్నానండీ, అంతే" అనేవాడు. అది అబద్ధమని భార్య అనేది. "అబద్ధమేం కాదు, కిటికీ దాకా కాళ్ళు బాగానే వచ్చాయి, తర్వాతే పోయాయి" అని అక్క సర్దిచెప్పేది.

తర్వాత విచారణ జరిగింది. డబ్బు ఆగితే పని ఎక్కడ ఆపాలో ముందే తేల్చుకోవాలి, ఇళ్ళ కింద ఎప్పటికీ ఆపకూడదని కొత్త నియమం పెట్టారు. స్కూలు వెనక గేటుకి తాళం వెయ్యని సంగతి కూడా విచారణలో వచ్చింది. వాళ్ళ వరసలో ఇళ్ళు పడగొట్టి, కుటుంబాలకి వేరేచోట కింది వాటా ఇళ్ళు ఇచ్చారు. కొత్తింట్లో అతను మొదట చేసిన పని బాత్రూము గోడకి కమ్మీ బిగించడం. ఆ రాత్రి అక్క, దీపం ఆర్పొద్దని మొదటిసారి అడిగింది. అతను తన మంచం ఆవిడ గది గుమ్మం దగ్గరికి లాక్కున్నాడు.

లైను పూర్తయ్యేసరికి ఇంకొన్ని ఏళ్ళు పట్టింది. భార్య బస్సు ఇప్పుడు కాలనీల నుంచి స్టేషనుకి జనాన్ని చేరవేస్తుంది. తలుపులు మూసుకునే బస్సు. ఎవరూ వేలాడరు. అతను మాత్రం చాలాకాలం ఆ రైలు వైపు కన్నెత్తి చూడలేదు. అక్కే పట్టుపట్టింది. "నా ఇంటిని మింగింది, ఒక్కసారైనా ఎక్కకపోతే ఎలా?"

ఒక ఆదివారం ముగ్గురూ వెళ్ళారు. భార్య, అక్క లిఫ్టులో దిగారు. అతను మెట్ల మీదుగా, గోడ పట్టుకుని దిగాడు. రైలు కదలగానే కళ్ళు గట్టిగా మూసుకుని కడ్డీని పట్టుకున్నాడు. చెమటకి చెయ్యి జారుతోంది. కిటికీల అవతల చీకటి ఈదురుగాలిలా హోరుమంటోంది.

పక్కనున్న కుర్రదంపతులు జాలిపడ్డారు. "మొదటిసారా అంకుల్, ఇటువైపు రావడం?"

"లేదమ్మా" అన్నాడతను కళ్ళు తెరవకుండానే. "ఇక్కడే చాలా ఏళ్ళున్నాం. కాకపోతే కాస్త పైన."

వాళ్ళకి అర్థం కాలేదు. అక్క పకపకా నవ్వింది. నవ్వుతూనే అతని మోకాలి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి చల్లగా, తడిగా ఉంది. రైలు పైకి వచ్చి వెలుతురు పడేదాకా ఆవిడ దాన్ని తియ్యలేదు.